కోరంగి ఎక్కడుంది?

1975 ఏప్రిల్‌లో లాల్‌బహదూర్ స్టేడియంలో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు నాకు పదిహేడేళ్లు. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో. నాన్న రైల్వే గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. రోజూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్ మీదుగా నడుచుకుంటూ వెళ్లి, ఓణీకి బ్యాడ్జీ తగిలించుకుని, వచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం, దారి చూపించడం నా పని. ఊరంతా పందిరేసినట్టుండేది.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నల్లకోటు, టై, నుదుట నిలువు బొట్టు. మారిషస్ నుంచి వచ్చానన్నాడు. నేనిచ్చిన గ్లాసు నీళ్లు తాగి, "తల్లీ, కోరంగి ఏ వైపున్నాది?" అని అడిగాడు.

ఏదో గేటు పేరనుకుని, "ఏ గేటు తాతగారూ?" అన్నాను.

"గేటు కాదమ్మా, ఊరు. మా ముత్తాత ఓడెక్కిన రేవు. మా దీవిలో మమ్మల్ని కోరంగోళ్లనే అంటారు. ఇక్కడోళ్లకి తెలీదేటి?"

భూగోళంలో నాకెప్పుడూ మంచి మార్కులే. మారిషస్ హిందూ మహాసముద్రంలో ఉంటుందని, రాజధాని పోర్ట్ లూయిస్ అని, ముఖ్యమైన పంట చెరకని చెప్పగలను. కోరంగి మాత్రం తెలియదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పాను. మారిషస్ పాఠం వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్న నా ముందుకొచ్చి నిలబడేది. ఆ తాతగారికి ఇన్నాళ్లకు చెబుతున్న జవాబు ఇది.

మూడేళ్ల కింద ఒక ఆదివారం ఆబిడ్స్ వెళ్లాను. ఆదివారం అక్కడ దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు. పోస్టాఫీసుకు కాస్త దూరంలో ఒకతను ఒక స్టాంపుల ఆల్బం తీసి, "చూస్కో అమ్మా, నిజాం జమానా స్టాంపులున్నయ్" అన్నాడు. నిజమే, చార్మినార్ బొమ్మతో హైదరాబాద్ సంస్థానం బిళ్ళలున్నాయి. పేజీ తిప్పితే మారిషస్. నూటయాభైకి బేరం కుదిరింది.

అవి 1950 నాటి బిళ్ళలు, దీవి ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్నప్పటివి. ప్రతిదాని మీదా ఆరో జార్జి తల. ఒకదాని మీద నెత్తిన బండరాయి మోస్తున్నట్టుండే పీటర్ బోత్ కొండ. ఒకదాని మీద రెడ్వీలోని గవర్నరు భవనం. ఒకదాని మీద చక్కెర ఫ్యాక్టరీ. పది సెంట్ల బిళ్ళ మీద చెరకు రవాణా. బడిలో నేను చెప్పిన పాఠం ఆ ఒక్క పేజీలోనే ఉంది: నైసర్గిక స్వరూపం, పరిపాలన, ఆర్థిక వ్యవస్థ. 'ప్రజలు' అన్న శీర్షిక కింద అతికించదగ్గ బిళ్ళ మాత్రం కనబడలేదు. ఆ చెరకు ఎవరు నరికారో, ఆ నేల ఎవరు సాగులోకి తెచ్చారో ఆ పేజీ చెప్పదు.

ముందు నేల సంగతి. మారిషస్ సముద్రగర్భం నుంచి అగ్నిపర్వతం లేచి కట్టిన దీవి. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. నాంపల్లిలో బయల్దేరి భువనగిరి కోట దాకా వెళితే ఎంత దూరమో, దీవికి అడ్డంగా దాదాపు అంతే దూరం. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు. చుట్టూ పగడపు దిబ్బల గోడ. భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన గంజాం భూమధ్యరేఖకు ఉత్తరాన ఎంత దూరమో ఇది దక్షిణాన దాదాపు అంత దూరం. అందుకే ఋతువులు తిరగబడతాయి. మనకు ఎండలు ముదిరే ఉగాది అక్కడ ఎండాకాలం ముగిసే వేళకు వస్తుంది.

ఆ దీవికి ఆదివాసులంటూ లేరు. 1598లో డచ్చివాళ్లు దిగి తమ మారిస్ రాకుమారుడి పేరు పెట్టారు. ఎగరలేని డోడో పక్షి వాళ్ల కాలంలోనే అంతరించిపోయింది. 1710లో వాళ్లు వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్లొచ్చి 'ఫ్రాన్సు దీవి' అన్నారు. పోర్ట్ లూయిస్‌ను రేవుపట్నంగా తీర్చిన గవర్నరు లాబూర్దొనే 1746లో ఆ దీవి నుంచే ఓడలు తెచ్చి మద్రాసును పట్టుకున్నాడు. 1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని గెలుచుకున్నా ఫ్రెంచి చట్టాలను, భాషను, మతాన్ని కదపమని మాటిచ్చారు. అందుకే నేటికీ అక్కడ చట్టసభలో ఇంగ్లీషు, పత్రికల్లో ఎక్కువగా ఫ్రెంచి, వీధిలో బానిసల నోట పుట్టిన క్రియోల్ వినిపిస్తాయి.

చెరకు తోటలన్నీ ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి పట్టుకొచ్చిన బానిసల వెన్నుల మీద నిలబడ్డవి. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల యజమానులు అంతకుముందే మనుషుల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయిస్‌లో దించింది. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. ఎక్కువమంది బీహారు వైపు వాళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తమిళులు, వాళ్లతో మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లు.

వీళ్లెందుకు వెళ్లారు? 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు వైపు దాన్ని డొక్కల కరువన్నారు. ఇంగ్లండు మరనూలు వచ్చి మగ్గాలను పడగొట్టింది. మాధవాయిపాలెం అనే మన ఊరు మేలైన నూలు గుడ్డలకు అంత పేరుమోసింది కాబట్టే, ఐరోపాలో ఒక రకం గుడ్డను 'మదపోలం' అనే పిలిచారు. ఊరి పేరు లోకమంతా తిరిగింది, నేసినవాడికి మాత్రం గంజి కరువైంది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు, దాని పని 1847లో మొదలైంది. గోదావరి నీళ్లు ఏటా పొలాలను ముంచో, ముఖం చాటేసో సముద్రంలో కలిసేవి.

ఇక ఆ కోరంగి. గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం పక్కనే ఉన్న రేవది. ఓడలు కట్టేవాళ్లు, పాడైన ఓడలు బాగుచేసేవాళ్లు. మన తీరం నుంచి బర్మాకు, దీవులకు మనుషులు కదిలిన రేవుల్లో పేరున్నది. ఎంత పేరంటే రంగూన్లోనూ తెలుగువాణ్ణి కోరంగీ అనేవారు, మారిషస్‌లోనూ కోరంగీ అనే అన్నారు. ఎక్కింది ఏ రేవులోనైనా, తెలుగు మాట్లాడితే చాలు ఆ పేరే.

1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి సముద్రం ఆ ఊరి మీద పడింది. వేలమంది పోయారు. ఓడలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. ఇలాంటి బంగాళాఖాతపు తుఫానులను ఏళ్ల తరబడి పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో వాటికి 'సైక్లోన్' అని పేరుపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాటలో మన తీరం కన్నీళ్లూ ఉన్నాయి. గోదావరి ఒండ్రు కూడా రేవును కొంచెం కొంచెంగా పూడ్చింది. ఓడలు కాకినాడకు మళ్లాయి, కోరంగి పల్లెగా మిగిలింది. ఈ తీరం నుంచి వెళ్లిన కూలీలు చేరిన దీవీ తుఫానుల దీవే. 1892 ఏప్రిల్ తుఫాను పోర్ట్ లూయిస్‌లో పెద్ద భాగాన్ని నేలమట్టం చేసింది. 1960లో కరోల్ తుఫాను పూరిళ్లను ఊడ్చుకుపోయింది.

ఓడ దిగినవాళ్లు పోర్ట్ లూయిస్ రేవు ఒడ్డున రాతిమెట్లెక్కి డిపోలోకి వెళ్లేవారు. దాన్నిప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మెట్ల పైన గుమాస్తా ఒక రిజిస్టరు తెరిచేవాడు. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. చివరికి ఒక నంబరు. మన పేర్లు చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. వేంకటస్వామి, అప్పన్న, సింహాద్రి ఫ్రెంచి అక్షరాల్లో ఒదిగి ఇంటిపేర్లయిపోయాయి. ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పన తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబంలో పుట్టింది. 2003లో వచ్చిన ఆమె తొలి నవల ఈ కూలీల గురించే. ఆమె పేరు చివర ఉన్నది మన సింహాచలం అప్పన్న.

ఒప్పందం అయిదేళ్లు. మగవాడికి నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత. 1867లో ఇంకో చట్టం వచ్చింది. ఒప్పందం తీరిపోయిన పాత కూలీ కూడా తన ఫొటో అంటించిన కాగితం వెంట లేకుండా ఊరు దాటకూడదు, దాటితే జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిజ్ అనే తోట మేనేజరు కూలీల పక్షాన అర్జీ రాస్తే 9,401 మంది పాత కూలీలు దాని మీద సంతకాలు, గుర్తులు పెట్టారు. 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ రావలసి వచ్చింది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరాగా అయినా ఉండాలని నేను మనసారా కోరుకుంటాను.

రిటైరయ్యాక నేనూ ఆ దీవికి వెళ్లాను. బీచిల దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. నన్ను నిలబెట్టేసినవి చెరకు చేలలోని రాళ్లకుప్పలు. అగ్నిపర్వతం దీవి కదా, నేలంతా నల్లరాయే. నాగలి దిగాలంటే ముందు రాయి తీయాలి. గంటలకొద్దీ బస్సు కిటికీలోంచి చూశాను. పచ్చటి చేను మధ్య నల్లటి కుప్ప, ఇంకో చేను, ఇంకో కుప్ప. కొన్ని మేడంత ఎత్తు, కొన్ని గోపురంలా మెట్లు మెట్లుగా పేర్చినవి. ఒక చోట దిగి కుప్ప దగ్గరికి వెళ్లాను. కింద వరుసలో తలకాయంత రాళ్లు, పైన పిడికెడంతవి. ఒక రాయి తీసి చేతిలో పెట్టుకున్నాను. నిండా సన్నటి రంధ్రాలు, అంచులు గరగర. అలాంటివి పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా ఎత్తితే అరచెయ్యి ఏమవుతుందో తెలియడానికి ఆ ఒక్కటి చాలు. ఆ కుప్పల మీద ఎవరి పేరూ లేదు. ముందు బానిసలు, తర్వాత కూలీలు, వాళ్లలో మన గంజాం మనిషి, మన విశాఖ మనిషి. ఆ రాయిని మళ్లీ కుప్ప మీదే పెట్టి వచ్చాను.

అప్పుడే నాకో సంగతి స్పష్టమైంది. నైసర్గిక స్వరూపం, ప్రజలు, పరిపాలన, ఆర్థిక వ్యవస్థ అని నేను బోర్డు మీద నాలుగు గళ్లు గీసి చెప్పినవి నాలుగు కాదు. రాయి భూస్వరూపం. దాన్ని ఎత్తినవాడు ప్రజ. ఎత్తించిన కాగితం పరిపాలన. ఎత్తాక మొలిచిన చెరకు ఆర్థిక వ్యవస్థ. ఆ మనిషిని తీసేస్తే మిగతా మూడింటికీ అర్థం లేదు.

1880ల నుంచి చక్కెర ధర పడిపోయి తోటల యజమానులు నేలను ముక్కలు చేసి అమ్మారు. అయిదు రూపాయల్లో రూపాయో అర్ధరూపాయో దాచుకున్నవాళ్లు ఆ ముక్కలు కొన్నారు. రాళ్లున్న నేలే వాళ్లకు దక్కింది, మళ్లీ రాళ్లేరారు. ఈసారి సొంతానికి. ఊళ్లు ఏర్పడ్డాయి, ఊరికో రామమందిరం ఏర్పడింది. పగలంతా చేలో ఉన్నవాళ్లు రాత్రి దీపం చుట్టూ చేరి రామభజన చేసేవారు. పుస్తకాల్లేవు. పెద్దవాళ్లు పాడితే పిల్లలు అందుకున్నారు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజన. ఈ మూడింటి మీద ఆసరా పెట్టుకుని తెలుగు నూటయాభై ఏళ్లకు పైగా అక్కడ నిలబడింది.

బీహారు వైపు నుంచి వచ్చిన భోజ్‌పురీ వాళ్ల బైఠకల్లోనూ, మనవాళ్ల మందిరాల్లోనూ రాత్రిపూట పిల్లలకూ పెద్దలకూ అక్షరాలు నేర్పేవారు. టీచరుగా నన్ను అన్నిటికన్నా కదిలించిన సంగతి ఆ అక్షరాలదే. అప్పటిదాకా ఆస్తి, హోదా ఉన్నవాళ్లకే ఓటు. 1947 నాటి రాజ్యాంగ సవరణలో దీవిలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్నపాటి వాక్యాలు చదివి రాయగల పెద్దలకు ఓటిచ్చారు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. దాదాపు 12 వేలున్న ఓటర్లు 1948 ఎన్నికల నాటికి దాదాపు 72 వేలయ్యారు. బాసదేవ్ బిసున్‌దయాల్ నడిపిన ఉద్యమం ఊరూరా సంతకం నేర్పింది. ఓటు నమోదుకు మన తెలుగు కూలీ పలక మీద దిద్దిన అక్షరాలు పనికొచ్చాయి. అఆలు ఒక మనిషికి రాజ్యంలో భాగం తెచ్చిపెట్టడమంటే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. 1959 ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటొచ్చింది. 1968 మార్చి 12న దీవి స్వతంత్రమైంది. శివసాగర్ రామ్‌గులాం తొలి ప్రధాని. 1992లో అదే తేదీన గణతంత్రమైంది.

ఇప్పటి పరిపాలన మనకు తెలిసిన పద్ధతిదే. అధ్యక్షుడు, ప్రధాని, చట్టసభ. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, రోడ్రిగ్స్ దీవి నుంచి ఇద్దరు, మొత్తం 62 మందిని ఎన్నుకుంటారు. ఏ వర్గమైనా సభలో తక్కువైతే ఓడిపోయినవాళ్లలో మెరుగైన ఓట్లొచ్చిన వాళ్లను ఎనిమిది మంది దాకా చేర్చుకునే ఏర్పాటొకటి ఉంది. నలుగురూ నాలుగు చోట్ల నుంచి వచ్చి చేరిన ఇంట్లో ఎవరి విస్తరి లేకుండా పోకూడదన్న ఆలోచన అది.

స్వతంత్రం వచ్చేనాటికి ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా చక్కెరే. జనం పెరుగుతున్నారు, పని లేదు. ఈ దీవికి బతుకు కష్టమేనని 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ నివేదిక రాశాడు. ఆయనకు తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. దీవి మాత్రం బతికి చూపించింది. 1970లో ఎగుమతి పరిశ్రమల మండలి పెట్టి బట్టల మిల్లులు తెచ్చారు. చెరకు చేలో పుట్టిన ఆడపిల్లలు కుట్టుమిషన్ల ముందు కూర్చుని జీతం తెచ్చుకున్నారు. ఆ తర్వాత హోటళ్లు, బ్యాంకులు, కంప్యూటర్లు. జనాభా దాదాపు పన్నెండున్నర లక్షలు. చదువు ఉచితం, ప్రభుత్వ వైద్యం ఉచితం. రాళ్లెత్తినవాళ్ల మునిమనవలు డాక్టర్లూ మంత్రులూ అయ్యారు.

ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. తెలుగువాళ్లు జనాభాలో నూటికి నలుగురైదుగురు కూడా ఉండరు. అయినా ఆరోజు చైనావాడి కొట్టూ క్రైస్తవుడి బడీ మన ఏడాదికి గౌరవంగా తలుపు మూస్తాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. బడిలో తెలుగు ఐచ్ఛిక పాఠంగా ఉంది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువూ ఉంది. ఇంట్లో మాత్రం క్రియోలే. నేనొక మందిరంలో భజన విన్నాను. పాడుతున్న అమ్మాయికి ముందున్న కాగితం మీద తెలుగు పాట రోమన్ అక్షరాల్లో ఉంది. ఉచ్చారణ మాత్రం విజయనగరం పల్లె పడుచుదే. పాట అయ్యాక పలకరిస్తే తెలుగులో రెండు మాటలు కలిపి, ఇక రాక నవ్వి, క్రియోల్‌లోకి వెళ్లిపోయింది. నాకు బాధ కలిగింది. వెంటనే నాంపల్లిలో మా పక్కింటి పిల్ల గుర్తొచ్చింది, దానికీ తెలుగు చదవడం రాదు. సముద్రం దాటినవాళ్లు పాటను పట్టుకుని అక్షరం కోసం తపిస్తున్నారు. మనం అక్షరాల ఊళ్లో ఉండి వదిలేస్తున్నాం. ఒక భాష చేతి నుంచి చేతికి అందితేనే బతుకుతుందని వాళ్లు ఇంత చేసి చూపించారు, మనం చూసి నేర్చుకోవాలి.

ఊరు పోయినా పేరు నిలబడుతుందని ఆబిడ్స్‌లో తిరిగే మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం ఎప్పుడో పోయింది, పేరు రోజూ లక్షమంది నోట పలుకుతూనే ఉంది. కోరంగి మనకు మాత్రం పటం మీద చిన్న చుక్క. మన మనుషులే దాన్ని తమ పేరుగా మోసుకెళ్లి, సముద్రం అవతల నూటయాభై ఏళ్లు భద్రంగా దాచారు.

తాతగారూ, మీరిప్పుడు ఉండి ఉండరు. మీ మనవలో మునిమనవలో ఎప్పుడైనా వస్తే వాళ్ల కోసం రాసిపెడుతున్నాను. సాయంత్రం నాంపల్లి స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. తెల్లవారుజామున సామర్లకోటలో దిగండి. బస్సులో కాకినాడ, అక్కడ యానాం బస్సు. తాళ్లరేవు వస్తుంది, ఆ దగ్గరే కోరంగి. రేవు లేదు, ఓడలు లేవు. మడచెట్ల మధ్య చెక్కబాట వేశారు, దాని మీద నడిచి కాలువ ఒడ్డుకు వెళ్లండి. ఆటు సమయానికి నీళ్లు వెనక్కి తీసి బురద కనిపిస్తుంది. కాళ్లకున్నవి విప్పి అందులో దిగండి. మీ ముత్తాత చివరిసారి తొక్కిన మన నేల అది.